తల్లిమడుగు చేపలు మన గుంటలో

మువారా గలం
ఆగస్టు 19

అక్కకి సలాం.

నువ్వు పెళ్ళయి బంజర్‌మాసిన్ వెళ్ళిన మొదటి ఏడాది నీకు ఉత్తరాలు రాసేదాన్ని. ఆ తర్వాత ఫోనులు వచ్చాయి, చేతికి కలం తగలడం మానేసింది. ఇన్నాళ్ళకి మళ్ళీ పట్టుకున్నానంటే కారణం నీ చెవి. నిన్న ఫోనులో మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ "దోమలా మాట్లాడకే, గట్టిగా చెప్పు" అన్నావు. నా గొంతు అంతకంటే లేవదని నీకు తెలుసు. లేచినా లాభం లేదు. ఇక్కడ సిగ్నలు దొరికేది పడవల రేవు చివర ఒక్కచోటే. పక్కనే జుమ్రీ పడవకి తారు పూస్తూ కూర్చుంటాడు, ఆడవాళ్ళు చేపలు ఎండేస్తూ ఉంటారు. నువ్వు వినేలోపు ఊరంతా వింటుంది.

ఊరు వినకూడని మాట కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. ఉసూప్ మావయ్య పడవ మీద పంపుతాను. ఆయనకి చదువు రాదు, అదొక అదృష్టం.

నీ కూతురు హిల్మీయా పెళ్ళికి నాన్న గుంట తోడించి, కొర్రమీనులు పొగబెట్టి పంపమన్నావు. న్యాయమైన మాటే. గుంటలో సగం నీది. ఇన్నేళ్ళలో నువ్వు అడిగింది కూడా లేదు. కానీ ఈ ఏడు ఆ గుంట తోడొద్దు అక్కా. వానలు పడి, అడవి మునిగి, గట్టు మీదుగా నీళ్ళు పొర్లేదాకా దాన్ని అలాగే ఉండనియ్యి.

ఎందుకని అడుగుతావు. చేపలు చిక్కిపోయి ఉన్నాయి అని రాసి కొట్టేశాను. అబద్ధం రాయడానికి కాదు కదా కలం పట్టింది. ఇవాళ్టికి నిజం కూడా రాయలేను. అడగకుండా ఒప్పుకో.

పిల్లకి నా దీవెనలు చెప్పు.

నీ చెల్లెలు
అర్బయా

*

కుయిన్, బంజర్‌మాసిన్
ఆగస్టు 31

అర్బయా,

నా చెవి పోయింది గానీ కళ్ళు బాగానే ఉన్నాయి. నువ్వు కొట్టేసింది కూడా చదివాను.

వానలు పడి అడవి మునిగాక గుంటలో ఏముంటుందే? వరదతో వచ్చిన చేప వరదతోనే పోతుంది. ఎండాకాలం చివర తోడకపోతే ఆ గుంట ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పట్నం వచ్చినంత మాత్రాన ఆ మాత్రం మర్చిపోతానా? అది తవ్వేటప్పుడు నల్లమట్టి మోసింది నేను. నువ్వు గట్టు మీద కూర్చుని అరటిపండ్లు తిన్నావు. నాన్న "ఇద్దరికీ సగం సగం" అన్నప్పుడు నేను నోరెత్తలేదు. చిన్నపిల్ల, పోనీలే అనుకున్నాను.

పెళ్ళికొడుకు వాళ్ళది కండాంగన్. ఆ ఊరివాళ్ళ సంగతి నీకు చెప్పాలా? కొబ్బరిపాలలో పొగబెట్టిన కొర్రమీను లేకుండా కేతుపాట్ అన్నం వడ్డిస్తే ఆకు దగ్గరనుంచి లేచిపోతారు. బజారులో చెరువుల్లో పెంచిన చేప దొరుకుతుంది. ఒక్క ముద్దకే కనిపెట్టేస్తారు. "నల్లనీళ్ళ చేప తెస్తాం" అని నేను మాటిచ్చాను.

నిన్ను అనడం లేదు. నీకు దాచడం చేతకాదు. నా మరిది, అదే నీ మొగుడు, మడుగు కాపలాకి పెద్ద అయిన దగ్గర్నుంచి మీ ఊళ్ళో ఏది ముట్టుకున్నా తప్పేనట, ఉసూప్ చెబుతున్నాడు. మడుగు మూసేశారు, సరే. మా నాన్న గుంట కూడా మూసేస్తాడా?

అక్టోబరు మొదటి వారంలో నేనే వస్తాను. ఇద్దరు మనుషుల్ని తెచ్చుకుని నా సగం నేనే తోడించుకుంటాను. నీ సగం నువ్వు దేవుడికి ఇచ్చుకో.

మస్నియా

*

మువారా గలం
సెప్టెంబరు 12

అక్కకి సలాం.

నువ్వు రాకూడదు కాబట్టి చెప్పేస్తున్నాను. చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకో. నీకు పెదాలు కదుపుతూ చదివే అలవాటు.

పెద్ద మంటల తర్వాత రెండేళ్ళు ఇక్కడ చేప కనపడటం మానేసిందని చెప్పాను, ఎంత వినపడిందో. అప్పుడు ఊరంతా కూర్చున్నారు. నేల ఎండి అంటుకోకుండా, కలప దాటించిన పాత కాలవకి అడ్డుకట్ట వేశారు. తల్లిమడుగుని మూడేళ్ళపాటు మూసేద్దామన్నారు. చేపలే కాదు, దాని చుట్టూ ఉన్న అడవిలో కోతినీ కొంగనీ నీటికుక్కనీ కూడా ముట్టుకోకూడదు. ఇంటికొకరు మసీదులో ఖురాన్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశారు. గురువారం ఆడవాళ్ళచేత ఖురాన్‌లో యాసీన్ సూరా చదివించేది నేనే కదా, ఆడవాళ్ళ వైపు ప్రమాణం మాటలు కూడా నాచేతే చదివించారు. "వలతో గానీ గాలంతో గానీ బుట్టతో గానీ చేత్తో గానీ ఈ మడుగులో ప్రాణిని తీయను." నేను ఒక్కో ముక్కా అన్నాను, వాళ్ళు నా వెనకాల అన్నారు. మాట తప్పినవాళ్ళు శుక్రవారం జుమా నమాజు అయ్యాక అందరి ముందూ తమ నోటితో చెప్పుకోవాలి. ఆ ఇంటి మనిషి కాపలాలో ఉంటే దిగిపోవాలి. కాపలాకి పెద్ద మీ మరిది. సాహ్రానీకి పిల్లలు లేరు, పొలం లేదు, ఉన్నదల్లా ఆ మడుగే. పొద్దున లేచి చూసేది అటువైపే.

ఈ ఎండలకి మడుగు ముక్కలైపోయింది. జులైలోనే సంఘంలో ఎవరో అడిగారు, పెద్ద చేపల్ని ఎత్తి లోతు నీళ్ళలో వేద్దామా అని. మీ మరిదే వద్దన్నాడు. "ఇవాళ బిందెతో కాపాడతారు, రేపు వలతో కాపాడతారు. ఎల్లుండి నా పెళ్ళాం చేపని కాపాడి కూర వండింది అని జుమ్రీయే చెబుతాడు. ముట్టుకోం అన్నాం, ముట్టుకోం. ఇచ్చినవాడే చూసుకుంటాడు." అందరూ నవ్వి ఒప్పుకున్నారు. నాకూ న్యాయంగానే తోచింది. ఇప్పటికీ తోస్తుంది. నా తిప్పలన్నీ అందుకే.

ఆగస్టు మొదట్లో చాప కోసం తుంగ కోయడానికి అటు వెళ్ళాను. మధ్యాహ్నం. ఒక పడవ పట్టేంత గుంటలో తల్లి కొర్రమీను ఒకటి, దాని కింద ఎర్రటి పిల్లలు ముద్దగా. నీళ్ళు నా మడమ దాకా కూడా లేవు. తల్లి వీపు ఎండిపోయి తోలు లేచింది. పారిపోవడానికి చోటు లేక కాదక్కా, పక్కనే ఇంకో గుంట ఉంది. కొర్రమీను నేల మీద పాకి పోగలదు. పిల్లల్ని వదిలి పోలేదు.

నేను బిస్మిల్లా అనుకుని కొడవలి కింద పెట్టాను. ఆ తర్వాత నా చేతులు నీళ్ళలో ఉన్నాయి.

అక్కడికి నాన్న గుంట రెండు వందల అడుగులు. నాన్న మనిషి లోతు తవ్వాడు కదా, అందులో ఇంకా నడుం లోతు నీళ్ళున్నాయి. నాలుగు మధ్యాహ్నాలు మోశాను. బిందెలో మోశాను, తడి సారాంగు గుడ్డలో చుట్టి మోశాను. నలభై ఒక్కటి. అందులో ఒక వాలుగ నా చెయ్యంత పొడుగు, ఎడమ మీసం తెగిపోయింది. దాన్ని చంటిబిడ్డలా భుజాన వేసుకుని వెళ్ళాను. ఎవరైనా చూస్తే ఏమనేవాళ్ళో.

ఇప్పుడు చూడు. మన ఊళ్ళో ఎవరి గుంటలో పడిన చేప వాళ్ళది. వరద తెచ్చినా, ఎవరు తెచ్చినా అంతే. అంటే నేను ఊరి చేపల్ని తీసి నీకూ నాకూ సగం సగం చేశాను. కాపాడానా, దొంగిలించానా? గట్టు మీద కూర్చుని చూస్తే ముందునుంచి ఉన్నదేదో, మడుగుదేదో నాకే తెలీడం లేదు. నువ్వు తోడిస్తే, ప్రమాణం చదివించిన మనిషి ఊరి తల్లిచేపల్ని అక్క కూతురి పెళ్ళికి వండింది అవుతుంది. చెప్పేస్తే మీ మరిది కాపలా పోతుంది. వాన దాకా ఆగితే గట్టు మునిగి వాటంతట అవే మడుగులోకి పోతాయి. నేను అడిగేది ఆ నెలలు మాత్రమే.

ఇంకోటి ఉంది. పోయిన వారం వెళ్ళేసరికి గుంట మీద సగం దాకా సాగో చెట్టు మట్టలు అడ్డంగా పరిచి ఉన్నాయి, నీళ్ళకి ఎండ తగలకుండా. నేను పరచలేదు. అంటే ఎవరికో తెలుసు. రేవులో ఎవరు పలకరించినా వినపడనట్టు వచ్చేస్తున్నాను.

అర్బయా

*

కుయిన్
సెప్టెంబరు 29

అర్బయా,

గుంట తోడించను. నేను రావడం లేదు. పెళ్ళికి బాతు వండుతున్నాం. పెళ్ళికొడుకు వాళ్ళు కొర్రమీను వద్దన్నారు, ముళ్ళు గుచ్చుకుంటాయట.

మట్టల సంగతి ఆలోచించకు. ఎవరో పుణ్యాత్ములు.

నువ్వు మాత్రం కంగారుపడి ఎవరి ముందూ ఏమీ వాగకు. యాసీన్ చదువుకో. ఒళ్ళు జాగ్రత్త, పొగ ఎక్కువగా ఉందట.

మస్నియా

*

మువారా గలం
అక్టోబరు 10

అక్కకి సలాం.

నీ ఉత్తరం చదివి నాకు మనశ్శాంతి రావాలి. రాలేదు. కండాంగన్‌వాళ్ళు కొర్రమీను వద్దన్నారా? ముళ్ళకి భయపడ్డారా? ఇంకో అబద్ధమైతే నమ్మేదాన్నేమో. నువ్వు నన్ను తిట్టకపోవడం ఇంకా భయంగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను "ఒళ్ళు జాగ్రత్త" అనడం ఇదే మొదలు. నాకు తెలీకుండా ఏదో జరిగింది. అడిగితే ఫోనులో "వినపడటం లేదు" అంటావు. నీకు వినపడిందో లేదో నాకెప్పుడు తెలిసింది గనక.

ఇక్కడ పొగ నిజమే. మనవైపు నేల ఇంకా అంటుకోలేదు, అడ్డుకట్ట పుణ్యం. అవతలి ఒడ్డున నల్లమట్టి నేల పిడకలా లోపలే కాలుతోంది. పైన చెట్టు పచ్చగా ఉంటుంది, ఉన్నట్టుండి ఒరిగిపోతుంది. మీ మరిది పొద్దున వెళ్ళి చీకటి పడ్డాక వస్తున్నాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉంటున్నాయి. అన్నం పెడుతుంటే నా చేతుల్నే చూస్తాడు. నాకలా అనిపిస్తుందేమో.

గుంటకి నీటికుక్కలు మరిగాయి. నలుగురున్న కుటుంబం. గట్టు మీద కూర్చుని నా ముందే తింటాయి, తలకాయతో మొదలుపెట్టి, అప్పడం నమిలినట్టు. కర్ర తీసుకున్నాను. మళ్ళీ కింద పెట్టేశాను. వాటిని కొట్టనని కూడా నేనే చదివించాను కదా. పైగా అవి తినేది వాటి మడుగు చేపల్ని, నేను ఎత్తుకొచ్చి ఒకచోట పోసిపెట్టాను. మన చేపలు తింటే నష్టం మనది. మడుగు చేపలు తింటే పాపం ఎవరిది? కూర్చుని ఇలాంటివి ఆలోచిస్తున్నాను. యాసీన్ మధ్యలో వాక్యం తప్పిపోతున్నాను, వెనకాల ఆడవాళ్ళు అందిస్తున్నారు. నిన్న సరియా వదిన "ఏంటి అర్బయా, నీ ఒళ్ళో ఖురాను, నీ కళ్ళు వాగులో ఉన్నాయి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మట్టలు ఇంకొన్ని చేరాయి. గుంట మొత్తం కప్పేశారు. నీళ్ళు ఇంకా మోకాలి పైనే ఉన్నాయి. పక్క గుంటలన్నీ బురదైపోయాయి.

ఇంక మోయలేను. ఈ పదహారున జుమా తర్వాత ఆడవాళ్ళ తెర వెనకనుంచి చెప్పేస్తాను. నా గొంతు తెర దాటదు, అదొక్కటే భయం. మీ మరిదికి ముందుగా చెప్పను. చెబితే తెలిసి దాచినవాడవుతాడు.

అర్బయా

*

కుయిన్
అక్టోబరు 14

అర్బయా,

ఇది శుక్రవారంలోపు నీ చేతిలో పెట్టకపోతే మళ్ళీ నా ఇంట్లో కాఫీ ఉండదని ఉసూప్‌కి చెప్పాను.

నీ మొగుడు సెప్టెంబరు ఇరవై రెండున నా ఇంటికి వచ్చాడు. పడవ ఇంజను సామానుకని నీతో చెప్పి ఉంటాడు. వంటింట్లో నేల మీద కూర్చున్నాడు. ఏదో గొణిగాడు. నేను "ఏంటి?" అన్నాను. ఇంకాస్త గొణిగాడు. "గట్టిగా చెప్పు సాహ్రానీ" అన్నాను. పక్కింటావిడ కిటికీలోంచి తల పెట్టి "గుంటో గంటో అంటున్నాడు" అని అందించింది. పాపం మొహం ఎర్రగా చేసుకుని, బియ్యం సంచి చింపి దానిమీద రాశాడు. కోడి గీకినట్టుంది. "గుంట తోడొద్దు వదినా."

"నీకెందుకు?" అన్నాను. అప్పటికి నీ ఉత్తరం నా దిండు కింద ఉంది. తెలీనట్టే అడిగాను.

రాశాడు: "మొదటిరోజే చూశాను. వాలుగని భుజాన వేసుకుని పోతోంది."

"మరి అడగలేదే?"

పెన్సిలు చెక్కుకున్నాడు. తర్వాత రాసిందంతా ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను. "నేను చూశానంటే జుమా రోజు చెప్పాలి. చెబితే ఆవిడ నిలబడాలి. చెప్పకపోతే నా ప్రమాణం పోతుంది. అందుకని నేను చూడలేదు. చూడని మనిషి గుంట మీద నాలుగు మట్టలు పరిస్తే తప్పేముంది వదినా?"

"తప్పేనోయ్" అన్నాను. తలూపాడు. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకోబోయాడు. మీ ఇంట్లో ఒట్లు ఇప్పటికే ఎక్కువయ్యాయి, నాకొద్దు అన్నాను. అయినా దాచాను. నీ బాధ చూశాక దాచలేకపోతున్నాను.

నువ్వు నిలబడితే చూసి దాచినందుకు ఆయన కూడా నిలబడాలి. నిలబడకపోతే మీరిద్దరూ మోయాలి. ఏది మంచిదని అడిగితే నాకూ తెలీదు. పెద్దదాన్ని కాబట్టి తెలుస్తుందనుకుంటావు. నాకు తెలిసింది బాతు కూర ఒక్కటే.

నా సగం చేపలు నేను మడుగుకి ఇచ్చేశాను. ఇది రాతపూర్వకం.

మస్నియా

*

మువారా గలం
ఫిబ్రవరి 21

అక్కకి సలాం.

పెళ్ళిలో నీతో ఒక్క మాట కుదరలేదు. కండాంగన్ పెద్దాయన ఆకు ముందు కూర్చుని "కొర్రమీనేదమ్మా?" అని రెండుసార్లు అడిగితే నువ్వు రెండుసార్లూ "ఇంకో బాతు ముక్కా? వేస్తాను, వేస్తాను" అన్నావు. ఆ చెవిటితనం నాకూ ఉంటే బాగుండుననిపించింది.

ఆ శుక్రవారం ఏం జరిగిందో రాయమన్నావు. నీ ఉత్తరం పొద్దున అందింది. తెర వెనక కూర్చున్నాను. నమాజు అయింది. గురువుగారు ఎప్పటిలాగే "ఎవరైనా చెప్పుకునేది ఉందా" అన్నారు. ఉంది. తెరకి ఒక చిరుగుంది, అందులోంచి మీ మరిది వీపు కనపడుతోంది. చొక్కా మీద సాగో మట్ట పీచు అంటుకుని ఉంది. దులుపుకోలేదు. అందరికీ కనపడుతోంది, ఎవరికీ అర్థం కాదు. నేను లేవలేదు. ఎందుకు లేవలేదో ఇప్పటికీ నీకు సరిగ్గా చెప్పలేను. ధైర్యం లేక అనుకుంటే కొంత నిజం. అంతా అది కాదు.

ప్రమాణం తప్పినవాళ్ళు పదిమందికి అన్నం పెట్టాలి, లేదా మూడు రోజులు ఉపవాసం ఉండాలి. పదిమందిని పిలిస్తే ఎందుకని అడుగుతారు. అందుకని సోమవారం తెల్లవారకముందే లేచి అన్నం వేసుకున్నాను. ఆయన లేచి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మీకెందుకు?" అన్నాను.

"ఊరికే. నాకూ పెట్టు."

"పనికి పోవాలి కదా, పొగలో. నీళ్ళు తాగకుండా ఎలా ఉంటారు?"

"నువ్వెలా ఉంటావో నేనూ అలాగే."

మూడు రోజులూ ఇద్దరం ఉన్నాం. మూడో సాయంత్రం ఖర్జూరం నా చేతిలో పెట్టి, "అయింది కదా" అన్నాడు. "అయింది" అన్నాను. అంతే, ఇంకేమీ అనుకోలేదు. ఇప్పటిదాకా అనుకోలేదు.

వాన నవంబరు పదకొండున పడింది. డిసెంబరు మధ్యకి గట్టు మునిగింది. నేను చిన్న పడవ వేసుకుని వెళ్ళాను. గుంట ఎక్కడో, మడుగు ఎక్కడో తెలీనంత నల్లటి నీళ్ళు. మట్టలు లేవు. ఇంటికొచ్చి, "గుంట మీద ఎవరో మట్టలు వేశారు, ఎవరో తీసేశారు" అన్నాను. "ఎండ లేదుగా ఇంక" అన్నాడు, పొయ్యిలో పుల్ల తోస్తూ.

పోయిన వారం మడుగులో చేపల లెక్క తీశారు. పట్నంనుంచి చేపల శాఖవాళ్ళు ముగ్గురు వచ్చారు. ఊరంతా పడవల్లో వెళ్ళాం. ప్రమాణం ప్రకారం ఏడాదికి ఒక్కసారి ఒక్క వల, అందరి కళ్ళముందు, పడ్డవన్నీ కొలిచి వదిలేయాలి. వల వేసింది మీ మరిదే. లాగుతుంటే ఇంకో ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. పోయినేడు వచ్చిన దానికి మూడింతలు. కొర్రమీనులు, జెల్లలు, వాటి మధ్యలో ఒక వాలుగ. ఎడమ మీసం లేదు.

జుమ్రీ దాన్ని ఎత్తి చూపించి, "ఇదెవరితో దెబ్బలాడిందో, మా అత్తగారిలా ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. దాన్ని అందుకుని కొలిచాడు. కొలత చెప్పడం మర్చిపోయి నావైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. రాసుకునే అబ్బాయి రెండుసార్లు అడిగాక చెప్పాడు. తర్వాత రెండు చేతులతో పట్టుకుని నీళ్ళలోకి దించాడు, తొందర లేకుండా.

పట్నంవాళ్ళు చుట్టుపక్కల మూసిన మడుగులన్నిట్లోకి మనదే మేలన్నారు. మిగతాచోట్ల తల్లిచేపలు ఎండకి పోయాయట. గురువుగారు పడవలో నిలబడి, "చూశారా, ముట్టుకోం అన్న మాట నిలబెట్టుకున్నాం, అల్లా నిలబెట్టాడు" అన్నారు. ఆడవాళ్ళందరూ నావైపు తిరిగారు, చదివించింది నేను కాబట్టి. సరియా వదిన నా చెయ్యి తీసుకుని కళ్ళకి అద్దుకుంది. ఆ చెయ్యే అక్కా. అదే చెయ్యి.

చెయ్యి వెనక్కి తీసుకుని తెడ్డు పట్టుకున్నాను. గురువుగారి మాట అబద్ధమా అంటే కాదు, అల్లాయే నిలబెట్టాడు. నిజమా అంటే ముట్టుకున్నది నేను. నేను ముట్టుకోకపోతే అవి ఉండేవా? ఉండేవేమో, అల్లా వేరే దారి చూసేవాడేమో. నేను ముట్టుకున్నానని తెలిస్తే వచ్చే ఎండల్లో పదిమంది బిందెలతో దిగుతారు, వాళ్ళ వెనక వలలు దిగుతాయి. మీ మరిది అన్నది ఇప్పటికీ న్యాయమే. నేను చేసింది తప్పని నా నోరు అంటుంది, నా భుజం ఒప్పుకోదు. ఆ వాలుగ బరువు ఇంకా దానిమీదే ఉంది.

ఇంకా రెండు ఎండాకాలాలు ఉన్నాయి మడుగు తెరవడానికి. మళ్ళీ అలా ఎండితే ఏం చేస్తానో నాకు తెలీదు. దేవుణ్ణి అడిగేది ఒక్కటే, ఆ రోజు నన్ను తుంగ కోయడానికి పంపొద్దని.

ఈ ఉత్తరాలు చింపకు, నీ పెట్టెలో అడుగున పెట్టు. ఆ బియ్యం సంచి ముక్క కూడా. మేమిద్దరం పోయాక, ఆ మడుగులో చేప ఉందంటే ఎలా ఉందో ఎక్కడో ఒకచోట నిజం రాసి ఉండాలి. ఉంటే చాలు, చదవక్కర్లేదు. ఎవరికీ చూపించకు. హిల్మీయాకి వద్దు, గురువుగారికి వద్దు. మీ మరిది వచ్చి ఎప్పుడైనా అడిగినా చూపించకు. ఆయన చూడని మనిషి. అలాగే ఉండనిద్దాం.

అర్బయా